ముహూర్తానికి కొయ్యని డాక్టరమ్మ

డాక్టర్ సుగుణకుమారికి ఈ జన్మలో పట్టుబడని విద్య ఒక్కటే, సారీ చెప్పడం. మిగతావన్నీ నేర్చుకుంది. నలభై దాటాక కారు నేర్చుకుంది, చలికాలం పొద్దున్నే ఆ కారు అద్దం మీద పేరుకున్న మంచు గీకడం నేర్చుకుంది, రైతు ఎదురైతే వానల గురించి, గొర్రెల గురించి పావుగంట మాట్లాడటం కూడా నేర్చుకుంది. సారీ మాత్రం నోటికి రాలేదు. ఆస్ట్రేలియాలో అలాంటి మనిషి ఎలా నెగ్గుకొస్తుందో మీరే ఆలోచించండి. అక్కడ సూపర్‌మార్కెట్లో మన కాలు తొక్కినవాడూ సారీ అంటాడు, తొక్కించుకున్న మనమూ సారీ అనాలి. ఈవిడ కాలు తొక్కించుకుని, "చూసుకుని నడువు నాయనా" అనే రకం.

మెరింగా అనే ఊరికి ఈవిడే డాక్టరు. మెల్‌బోర్న్ నుంచి పడమరగా నాలుగు గంటలు కారులో పోతే గోధుమ చేల మధ్యలో వస్తుంది ఆ ఊరు. ఒక వీధి, ఒక బేకరీ, ఒక పబ్బు, ధాన్యం పోసే ఎత్తైన సైలోలు, పిల్లలు ఫుటీ అనే అక్కడి ఫుట్‌బాల్ ఆడే మైదానం, ఊరి చివర చిన్న ఆసుపత్రి. అంతే ఊరు. ఆవిడ భర్త సుందర్ రాజు మాత్రం మెల్‌బోర్న్ పక్కనే ఉన్న పాయింట్ కుక్‌లో ఉంటాడు. హైస్కూల్లో లెక్కలు చెబుతాడు, ఆదివారం తెలుగు చర్చిలో తబలా వాయిస్తాడు. శనివారం వస్తే ఇద్దరిలో ఒకరు ఆ నాలుగు గంటలూ నడుపుకుంటూ రెండోవారి దగ్గరికి పోవాలి. పాయింట్ కుక్ తెలుగువాళ్ళు దీని గురించి బాగానే చెవులు కొరుక్కున్నారు. సిటీలో క్లినిక్ పెట్టుకుని హాయిగా ఉండక ఆంటీకి ఈ వయసులో ఆ పొలాల్లో ఏం పని అని వాళ్ళ బాధ.

ఆ పని ఏమిటో తెలియాలంటే బాపట్ల దాకా పోవాలి. సుగుణకుమారి తల్లి అక్కడికి దగ్గర్లో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు. బడి వదలగానే పిల్ల తిన్నగా ఆసుపత్రికి వచ్చి, కాన్పుల గది బయట బల్ల మీద కూర్చుని లెక్కలు చేసుకునేది. లోపల్నుంచి కేకలు వినబడితే పక్కనున్న మగవాళ్ళకి ముచ్చెమటలు పోసేవి. ఈ పిల్ల తలెత్తకుండా పెన్సిలు చెక్కుకుంటూ, "ఇంకా టైముందిలే బాబాయ్, వెళ్ళి టీ తాగిరా" అనేదట. అలాంటిది డాక్టరు కాక ఇంకేమవుతుంది? గుంటూరులో మెడిసిన్ చదివి, కాన్పుల వైద్యంలోనే పై చదువు కూడా పూర్తి చేసి, విజయవాడలో ఒక పెద్ద నర్సింగ్‌హోమ్‌లో చేరింది.

చేరిన ఏడాదికే అక్కడ పేచీ వచ్చింది. ఒకరోజు పొద్దున యజమాని డాక్టరు పిలిచి, "ఎనిమిదింబావుకి ఆ పేషెంటుకి సిజేరియన్ చేసెయ్యమ్మా" అన్నాడు. ఈవిడ కేసు చూసింది. తల్లి బాగుంది, బిడ్డ బాగుంది, నొప్పులు రావడానికి ఇంకా బోలెడు వ్యవధి ఉంది.

"ఎందుకండీ కొయ్యడం?"

"పార్టీ అడిగారు. ముహూర్తం."

"పార్టీకి ఏం జబ్బండీ?"

మధ్యాహ్నానికల్లా ఉద్యోగం ఊడింది. సుగుణకుమారి ఏడవలేదు. బెంజిసర్కిల్ దగ్గర స్కూటరు ఆపి, చెరుకురసం తాగి, తీరిగ్గా ఇంటికి వెళ్ళింది.

పెళ్ళయ్యాక సుందర్ రాజుతో మెల్‌బోర్న్ వస్తే, అక్కడ ఈవిడ చదువు చెల్లదన్నారు. మళ్ళీ పరీక్షలు రాయాలి. రాసేదాకా వృద్ధుల హోమ్‌లో ముసలివాళ్ళకి స్నానాలు చేయించింది. రాత పరీక్ష సులువుగానే గట్టెక్కింది కానీ, పేషెంటుతో మాట్లాడి చూపించే పరీక్షలో చతికిలపడింది. మాటల్లో సానుభూతి చాలలేదని చెప్పారు. అక్కడ పేషెంటు కూడా నిజం పేషెంటు కాదు, నటుడు. "నొప్పి లేనోడు నొప్పని మెలికలు తిరుగుతుంటే సానుభూతి ఎక్కడ్నించి వస్తదయ్యా నాకు!" అని ఇంటికొచ్చి మండిపడింది. చివరికి సుందర్ రాజు రోజూ సోఫా మీద పడుకుని మూలుగుతూ, భార్య చేత "అయ్యో, మీకెంత కష్టమొచ్చిందండీ" అని ఇంగ్లీషులో వల్లె వేయించాడు. అలా పాసైంది. ఆ మూలుగులు లేకపోతే మెరింగాకి డాక్టరే లేదు.

పాసైనా సిటీలో ఉద్యోగం దొరకలేదు. ఎవరూ పోమన్న ఊరికి పొమ్మన్నారు, పోయింది. పోయి చూస్తే ఆసుపత్రిలో కాన్పుల వార్డు మూతపడి ఉంది. లోపల విరిగిన వీల్‌చైర్లు, క్రిస్మస్ చెట్టు అలంకరణలు. ఊళ్ళో ఆడవాళ్ళకి నొప్పులొస్తే గంటన్నర దూరంలో ఉన్న పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. ఇద్దరు ముగ్గురు దారిలోనే, కంగారూలు గెంతే రోడ్డు పక్కన, యూట్ అనే చిన్న ట్రక్కు వెనకాల కన్నారు. సుగుణకుమారికి అరికాలి మంట నెత్తికెక్కింది. మెల్‌బోర్న్ వెళ్ళి ఆ దేశపు లెక్క ప్రకారం కాన్పుల వైద్యం మళ్ళీ చదివింది. మంత్రసాని షెరిల్ వార్డు మూతపడ్డాక బేకరీలో మాంసం కూరిన పైలు అమ్ముకుంటుంటే, వెళ్ళి ఏప్రాన్ విప్పించి తీసుకొచ్చింది. పై అధికారులు కుదరదన్న ప్రతిసారీ వాళ్ళ గది ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. ఈ బాధ పడలేక వార్డు తెరిచారు. ఆ చుట్టుపక్కల మూసేసిన కాన్పుల వార్డు మళ్ళీ తెరిపించిన మొదటి డాక్టరు ఆవిడే. ఇప్పుడు మెరింగా పిల్లల ఫుటీ జట్టులో సగానికి సగం ఆవిడ చేతుల్లో పడ్డవాళ్ళే. ఆట చూడ్డానికి వెళ్తే, "ఒరేయ్, ఎదురుకాళ్ళతో పుట్టినోడివి, ఆ మాత్రం పరుగెత్తలేవా!" అని తెలుగులోనే అరుస్తుంది. వాళ్ళకి అర్థం కాకపోయినా పరుగెత్తుతారు.

ఇంత కష్టపడి తెరిపించిన వార్డు ఒక ముహూర్తం మూలాన మళ్ళీ మూతపడే దాకా వచ్చింది. ఆ సంగతి చెబుతాను.

సైలోల కంపెనీలో ఇంజనీరుగా భీమవరం కుర్రాడు దీక్షిత్ చేరాడు. భార్య వైశాలికి తొలిచూలు. నెలలు నిండుతున్నాయని అతని తల్లి ఆండాళ్ ఊరగాయ జాడీలతో, కాయం డబ్బాలతో దిగింది. ఎయిర్‌పోర్టులో ఆ జాడీల కోసం అధికారులతో పోట్లాడి గెలిచిన మనిషి, సామాన్యురాలు కాదు. ఒకరోజు ముగ్గురూ సుగుణకుమారి గదికి వచ్చారు. ఆండాళ్ మొహం పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి వచ్చినట్టు వెలిగిపోతోంది.

"వచ్చే గురువారం పొద్దున్న తొమ్మిదీ పన్నెండుకండీ డాక్టరుగారూ. మా శాస్త్రిగారు స్వయంగా చూసి పెట్టారండీ. పుష్యమీ నక్షత్రం. పుట్టేవాళ్ళకి రాజయోగం."

సుగుణకుమారికి విషయం అర్థమైంది. విజయవాడ నర్సింగ్‌హోమ్ విమానమెక్కి మెరింగా వచ్చేసిందన్నమాట. అప్పుడు నోరు అదుపులో పెట్టుకుని, కుదరదండీ అని మర్యాదగా చెప్పి పంపేయొచ్చు. కానీ ఆవిడ నోరు అలా ఊరుకునేది కాదు.

"ఎక్కడి తొమ్మిదీ పన్నెండండీ? భీమవరం గడియారమా, మెరింగా గడియారమా?"

ఆండాళ్ కొడుకు వంక చూసింది. దీక్షిత్ మెడ తడుముకున్నాడు. "శాస్త్రిగారికి లొకేషన్ వాట్సాప్‌లో పెట్టానమ్మా. కానీ డేలైట్ సేవింగ్ అని ఇక్కడ ఎండాకాలం గడియారాలు గంట ముందుకి తిప్పుతారు, అది చెప్పడం మర్చిపోయా. ఆయన లెక్క ఒక అవర్ అటూ ఇటూ అయ్యుండొచ్చు."

"అటా, ఇటా?" అంది ఆండాళ్.

"అదే తెలీట్లేదు."

సుగుణకుమారి పకపకా నవ్వింది. "అయితే ముందు ఆ రాజయోగం ఏ దేశం టైముకి బయల్దేరిందో తేల్చుకుని రండి. ఈలోగా బిడ్డ దానికి తోచినప్పుడు అదే వస్తది!"

వైశాలి కూడా ఫక్కుమంది. వెంటనే చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది కానీ, ఆండాళ్ చూసేసింది. డాక్టరు నవ్వితే సహించేదేమో. ముక్కూమొహం తెలియని పరాయిమనిషి ముందు కోడలు నవ్వడం ఆవిడ గుండెలో గుచ్చుకుంది.

"నాలుగు కుట్లు వెయ్యడానికి మీకేం నొప్పండీ?"

"నొప్పి నాక్కాదు, ఈ పిల్లకి. బిడ్డ తల కిందికి తిరిగి చక్కగా ఉంది, తల్లి గుండ్రాయిలా ఉంది. ఇంకా నాలుగు వారాలు గడువుంది. ముందే లాగేస్తే బిడ్డకి ఊపిరాడక అవస్థ పడొచ్చు. అవసరం పడితే క్షణం ఆలోచించను, కోస్తాను. ముహూర్తానికి మాత్రం కొయ్యను ఆండాళ్ గారూ."

"మీరు క్రిస్టియన్స్ కాబట్టి మా నమ్మకాలంటే మీకు లెక్కలేదు."

"మా చర్చివాళ్ళు డిసెంబరు ఇరవయ్యైదుకి కొయ్యమని వస్తారండీ. వాళ్ళకీ ఇదే జవాబు."

ఆండాళ్ విసురుగా లేచింది. రెండు రోజులు తిరక్కుండానే దీక్షిత్ చేత ఆసుపత్రికి ఫిర్యాదు పెట్టించింది. డాక్టరు మా ఆచారాన్ని వెక్కిరించింది, మా సంస్కృతిని అవమానించింది అని.

ఆసుపత్రి పెద్ద గ్రాహంకి ఇది వెతకబోయిన తీగ కాలికి తగలడమే. ఆయన ఏడాది కిందట సిటీ నుంచి వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ కాన్పుల వార్డు మీద కన్నేశాడు. ఇంత చిన్న ఊళ్ళో కాన్పులంటే రిస్క్ అని, జనం పెద్దాసుపత్రికి పోవడమే క్షేమమని ప్రతి మీటింగులో నవ్వుతూ చెప్పేవాడు. ఆ మనిషి ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు, అదే సుగుణకుమారికి ఒళ్ళు మంట.

అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడదామన్నాడు గ్రాహం. మెల్‌బోర్న్ నుంచి ఒక సంస్కృతుల నిపుణురాలిని కూడా రప్పించాడు. పాతికేళ్ళ అమ్మాయి, మంచి పిల్లే. తెర మీద మొదటి బొమ్మ వేసింది. గాగ్రా కట్టుకుని నెత్తి మీద కుండలు పెట్టుకున్న ఆడమనిషి.

"ఈవిడెవరమ్మా?" అని అడిగింది సుగుణకుమారి.

"మీ సంస్కృతి" అంది ఆ అమ్మాయి.

ఆండాళ్ కూడా కళ్ళద్దాలు సవరించుకుని ఆ బొమ్మని అనుమానంగా చూసింది.

గ్రాహం షరతులు చెప్పాడు. ఒకటి, డాక్టరు ఈ కుటుంబానికి ఇక్కడే క్షమాపణ చెప్పాలి. రెండు, భారతీయ సంస్కృతి మీద ట్రైనింగు తీసుకోవాలి. మూడు, ఇకమీదట కుటుంబాలు ఏ తేదీ, ఏ సమయం కోరితే దాన్ని గౌరవిస్తానని ఒప్పుకోవాలి. అప్పటిదాకా కాన్పులు చెయ్యకూడదు. ఇంకో డాక్టరు లేరు కాబట్టి ఒప్పుకోకపోతే ఇవాళ్టి నుంచే వార్డు మూత. ఇదంతా నవ్వుతూనే చెప్పాడు.

సుగుణకుమారి మూడూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. తర్వాత కుర్చీ తిప్పి వైశాలికి ఎదురుగా కూర్చుంది. "అమ్మా వైశాలీ, వీళ్ళంతా మాట్లాడారు. కడుపు నీది. నీకేం కావాలి తల్లీ?"

వైశాలి చేతి గాజులు తిప్పుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అత్తయ్యగారు ఎలా అంటే అలాగే మేడం."

సుగుణకుమారికి నీరసం వచ్చేసింది. గ్రాహం మీద కోపం వచ్చింది, ఆండాళ్ మీద వచ్చింది, ఈ పిల్ల మీద మాత్రం రాలేదు. జాలి వేసింది, అది కోపం కంటే చెడ్డగా ఉంది. లేచి నిలబడి, "నేను చెప్పను, చెయ్యను, ఒప్పుకోను" అని మూడు షరతులకీ మూడు మాటలు చెప్పి బయటికి వచ్చేసింది.

ఆదివారం సుందర్ రాజు చర్చి మానేసి, ఇల్లు ఖాళీ చేసి భార్యని సిటీకి తీసుకుపోదామని కారు నిండా ఖాళీ అట్టపెట్టెలతో వచ్చాడు. వంటింట్లో కింద కూర్చుని ప్రెషర్ కుక్కర్ చుట్టూ పాత పేపర్లు చుడుతూ మెల్లగా మొదలుపెట్టాడు.

"వెక్కిరించావా లేదా? చెప్పు."

"వెక్కిరించా."

"దానికి మటుకు సారీ చెప్పెయ్యవే. నోటి మాటేగా. మిగతా రెండూ తర్వాత చూసుకోవచ్చు."

"ఆండాళ్ గారొక్కతే వచ్చి ఎందుకు నవ్వావమ్మా అని నిలదీస్తే అప్పుడే చెప్పేదాన్నేమో. వీళ్ళు అడిగేది నవ్వినందుకు కాదయ్యా. కొయ్యనన్నందుకు. నవ్వినందుకని సారీ చెప్తే కొయ్యనన్నందుకని రాసుకుంటారు. రేపట్నుంచి ప్రతి ఒక్కడూ ఫోన్లో పంచాంగం పట్టుకొస్తాడు. ఇవాళ ముహూర్తమంటారు, రేపు హాలిడే బుకింగ్ ఉంది ముందే కానిచ్చెయ్యమంటారు."

"వార్డు పోతుంది గదే సుగుణా. ఇన్నేళ్ళ కష్టం."

ఆవిడ అటు తిరిగింది. మంచిగిన్నెలు ఏరి పక్కన పెడుతూ, మొగుడికి కనబడకుండా కొంగుతో మొహం తుడుచుకుంది.

అప్పుడు వాకిట్లో కారు హారను గుక్క తిప్పుకోకుండా మోగింది. సుగుణకుమారి తలుపు తీసేసరికి దీక్షిత్ కారు గేటుని గుద్దుకునేంత దగ్గరగా ఉంది. వెనక సీట్లో వైశాలి మోకాళ్ళ మీద వంగి అరుస్తోంది. పక్కన ఆండాళ్ ఆ పిల్ల నడుం పట్టుకుని దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలుస్తోంది. మొదటి గురువారం దాటిపోయింది కాబట్టి శాస్త్రిగారు ఈసారి డేలైట్ సేవింగ్ కూడా కలిపి, వచ్చే గురువారానికి కొత్త ముహూర్తం పెట్టాడు. మెల్‌బోర్న్‌లో ఒప్పుకున్న ఆసుపత్రి కూడా దొరికింది. బిడ్డ మాత్రం ఆదివారం మధ్యాహ్నమే బయల్దేరింది.

"అంబులెన్సు ఇంకో పేషెంటుని తీసుకుని పెద్దాసుపత్రికి పోయింది మేడం," దీక్షిత్ అద్దం దించి అరిచాడు. "కార్లో మేమే డ్రైవ్ చేసుకుని వెళ్ళిపోమంటారా?"

సుగుణకుమారి కారులోకి వంగి వైశాలి కడుపు మీద చెయ్యి వేసింది. ఒక్క నొప్పి వచ్చిపోయేదాకా చూసింది. "గంటన్నర కాదు, పావుగంట కూడా లేదు. ఆసుపత్రికి పోనీ."

సుందర్ రాజు చేతిలో కుక్కర్ మూతతో పరుగెత్తుకొచ్చాడు. "సుగుణా, నీకు పర్మిషన్ లేదు గదే!"

"ఆ బిడ్డ ఎవరి పర్మిషన్ అడిగిందయ్యా!" అంటూ ఆవిడ కారెక్కింది.

షెరిల్ ఫుటీ మైదానంలో బార్బెక్యూ పొయ్యి దగ్గర సాసేజ్‌లు తిప్పుతోంది. ఫోను వెళ్ళగానే చేతిలో పటకారు అక్కడే పారేసి వచ్చింది. గ్రాహం శుక్రవారమే వార్డు తాళంచెవి అడిగితే ఒకటి ఇచ్చింది, రెండోది జేబులో వేసుకుంది. ఆ సంగతి సుగుణకుమారికి కూడా అప్పుడే తెలిసింది. అత్యవసర గదిలో తెర చాటున సరిపెట్టుకోమని అక్కడి నర్సు అంటుండగానే ఇద్దరూ వైశాలిని వార్డులోకి నడిపించారు.

బిడ్డ తొందరగానే పుట్టింది. ఆడపిల్ల. కేర్‌మన్న కేక వసారా దాకా వినబడింది. దీక్షిత్ అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చేశాడు. అంతా అయిపోయిందనుకున్నారు.

అయిపోలేదు. మాయ పడ్డాక రక్తం ఆగలేదు. కాసేపట్లో పక్క దుప్పట్లు తడిసి ముద్దయ్యాయి. వైశాలి పెదవులు సున్నంలా పాలిపోయాయి. సుగుణకుమారి ఒక చెయ్యి లోపల పెట్టి, రెండో చెయ్యి పొత్తికడుపు మీద అదిమి, గర్భసంచిని రెండు చేతుల మధ్య బిగించి పట్టింది. షెరిల్ ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ ఇస్తోంది. చేతులు చాలడం లేదు. బిడ్డని ఎత్తుకుని కొయ్యబారి నిలబడ్డ ఆండాళ్ కనిపించింది.

"ఆండాళ్ గారూ! బిడ్డని ఉయ్యాల్లో పెట్టి ఇటు రండి! ఆ సెలైన్ సంచి పట్టుకుని పిండండి, గట్టిగా!"

ఆండాళ్ పరుగున వచ్చింది. రెండు చేతులతో ఆ సంచిని పిండుతూ, "కళ్ళు ముయ్యకే తల్లీ, నా వంక చూడవే, అమ్మా వైశాలీ" అని అరుస్తూనే ఉంది. సుగుణకుమారి భుజాలు లాగేస్తున్నాయి, నడుం విరిగిపోతోంది. పట్టు వదల్లేదు. ఆవిడ లోపల ఒకటే మాట తిరుగుతోంది, పోనివ్వను, పోనివ్వను, ఈ పిల్లని పోనివ్వను. చాలాసేపటికి చేతుల మధ్య గర్భసంచి గట్టిపడటం తెలిసింది. రక్తం నెమ్మదించింది, ఆగింది. షెరిల్ కళ్ళు తుడుచుకుని వాళ్ళ భాషలో ఒక బూతుమాట అంది. అది ప్రార్థన కంటే ఏమీ తక్కువ కాదు.

సుగుణకుమారి మోచేతుల దాకా కడుక్కుంటుంటే ఆండాళ్ వచ్చి పక్కన నిలబడింది. చీర నిండా సెలైన్ తడి.

"రోడ్డు మీద అయ్యుంటేనో?"

"పోయేది" అంది సుగుణకుమారి. తీపి పూసి చెప్పడం ఆవిడకి రాదు.

ఆండాళ్ గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది. కాసేపటికి మళ్ళీ తలెత్తింది, పౌరుషం పూర్తిగా చావలేదు. "మీరు ఆ గురువారమే కోసుంటే ఇంత రక్తం పోయేది కాదు కదండీ?"

"కోసినా పోవచ్చు, ఇంకా ఎక్కువే పోవచ్చు. ఎట్టా కన్నా రక్తం పోవచ్చండీ. పోయినప్పుడు పక్కన మనిషుండాలి, అంతే."

ఆండాళ్ లేచి లోపలికి వెళ్ళింది. రాత్రంతా కోడలి మంచం పక్కన కుర్చీలోనే ఉంది.

సోమవారం పొద్దున గ్రాహం వచ్చాడు. వెంట కొత్త తాళం పట్టుకుని ఆసుపత్రి వడ్రంగి. గ్రాహం ముందు బిడ్డని మెచ్చుకున్నాడు, తల్లిని పలకరించాడు. తర్వాత డాక్టరు వైపు తిరిగి, నిన్న జరిగింది అత్యవసరం కాబట్టి అర్థం చేసుకోగలనన్నాడు. కానీ మూసిన వార్డు తెరవడం నియమం తప్పడమేనట. దానికొక్కదానికి క్షమాపణ చెబితే పాత విషయం కూడా సులువుగా సర్దుకుపోవచ్చట. పేషెంటుని మాత్రం ఇవాళే అంబులెన్సులో పెద్దాసుపత్రికి మార్చి, వార్డుకి తాళం వేస్తారు.

"నేను చెప్పను" అంది సుగుణకుమారి. "వార్డు తెరవడం నా తప్పు కాదు, మూయడం నీ తప్పు. ఈ పిల్ల ఒంట్లో రక్తం లేదు. తాళం వేసుకోవాలంటే నన్ను కూడా లోపల పెట్టి వేసుకో."

గ్రాహం నవ్వు కొంచెం తగ్గింది. ఫిర్యాదు పెట్టిన మనిషి తన వైపే కదా అన్న ధైర్యంతో ఆండాళ్ దగ్గరికి వెళ్ళాడు. మీ సంస్కృతిని గౌరవించడమే మాకు ముఖ్యం అన్నాడు. దీక్షిత్ తెలుగులో చెప్పాడు.

ఆండాళ్ కుర్చీలోంచి లేచింది. జారిన కొంగు దోపుకుంది. "చెప్పరా ఆయనకి. మాకు పురుడు పదకొండు రోజులు. పురుడు వెళ్ళేదాకా బాలింత గది దాటదు. గడప దాటించారో, తల్లికీ బిడ్డకీ అరిష్టం. మా వంశంలో ఎవరూ దాటలేదు, ఈ పిల్లా దాటదు. ఇది మా సంస్కృతి. గౌరవిస్తానన్నాడుగా, గౌరవించమను!"

దీక్షిత్ అమ్మ మొహంలోకి ఒకసారి చూసి, ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులోకి మార్చాడు. గ్రాహం బిక్కమొహం వేశాడు. మెల్లగా సుగుణకుమారి వైపు తిరిగి, "నిజమేనా?" అని అడిగాడు.

భీమవరంలో ఇప్పుడు బాలింతలు నాలుగో రోజుకే ఆటోలో ఇంటికి పోతున్నారని సుగుణకుమారికి తెలుసు. ఆండాళ్‌కి అంతకంటే బాగా తెలుసు. ఇద్దరూ ఒకరి వంక ఒకరు చూసుకోలేదు.

"నాకేం తెలుసు గ్రాహం? నేనింకా ట్రైనింగ్ తీసుకోలేదు కదా."

షెరిల్ దగ్గు నటిస్తూ కిటికీ వైపు తిరిగింది. గ్రాహం తమాయించుకుని, సరే, ఈ కుటుంబం ఉండొచ్చు, కొత్తవాళ్ళని మాత్రం చేర్చుకోవడానికి వీల్లేదు, ఫిర్యాదు ఇంకా తేలలేదు కదా అన్నాడు.

అప్పుడు మంచం మీద నుంచి వైశాలి మాట్లాడింది. గొంతులో సత్తువ లేదు, అయినా ఇంగ్లీషులో ఆగి ఆగి, ఆయనకి అర్థమయ్యేలా చెప్పింది. ఆ ఫిర్యాదు నాది కాదు. నా కడుపు గురించి మీరందరూ మాట్లాడారు, నన్ను అడిగింది ఈవిడ ఒక్కరే. ఆరోజు నాకు నోరు రాలేదు, ఇవాళ చెబుతున్నాను. ఈవిడే నా డాక్టరు. కావాలంటే ఇంకో ఫిర్యాదు రాస్తాను, అది మీ మీద.

ఆండాళ్ కోడలి వంక చూసింది. ఏమంటుందోనని దీక్షిత్ ఊపిరి బిగబట్టాడు. ఆవిడ వెళ్ళి దుప్పటి సర్ది, "ఊరికే మాట్లాడి అలిసిపోకు" అంది, అంతే. సుగుణకుమారి మొహం తిప్పుకోలేదు, కళ్ళనీళ్ళు అందరి ముందూ కారనిచ్చింది.

వసారాలో అడుగుల చప్పుడు. గొర్రెల పెంపకం చేసే డానీ భార్య కేట్, గోడ పట్టుకుంటూ, రెండడుగులకోసారి వంగిపోతూ వస్తోంది. వెనక డానీ బురద బూట్లతో, చేతిలో సంచితో. వార్డు మూసేస్తున్నారని ఊళ్ళో అనుకుంటున్నారు, మేం గంటన్నర పోలేం, ఇక్కడికే వచ్చేశాం అన్నాడు.

గ్రాహం సరిగ్గా తలుపుకి అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఒకవైపు తాళం పట్టుకున్న వడ్రంగి, ఇంకోవైపు పళ్ళు బిగబట్టుకున్న కేట్.

సుగుణకుమారి చేతులకి గ్లోవ్స్ తొడుక్కుంటూ వచ్చింది.

"తప్పుకో గ్రాహం. లోపల పనుంది."

ఆయన వడ్రంగి చేతిలోని తాళం వైపు చూశాడు. తర్వాత గోడవారగా జరిగాడు. కేట్ ఒక చెయ్యి షెరిల్ భుజం మీద, ఇంకో చెయ్యి ఆండాళ్ భుజం మీద వేసి లోపలికి నడిచింది.